మెట్ల పాటలో చిన్నమ్మ

సినిమావాళ్ల బతుకులు బుగ్గిపాలయ్యే సినిమాలంటే నాకు మహా పిచ్చి. ఊళ్లోంచి ఒక పిల్ల రైలెక్కి పట్నం వస్తుంది. మొదటి వేషం దొరుకుతుంది, మెడలో దండలు పడతాయి, ఎక్కడెక్కడి చుట్టాలో వచ్చి చేరతారు, ఒక సెక్రటరీ నవ్వుతూ కాగితాల మీద సంతకాలు పెట్టించుకుంటాడు, చివరికి పెద్ద బంగళాలో ఆమె ఒక్కతే మిగులుతుంది. కథ ఎప్పుడూ ఇంతే. అయినా తెలుగులో వచ్చినా, హిందీలో వచ్చినా, మరాఠీలో వచ్చినా వదలను. "పైసలిచ్చి మరీ ఏడుపు కొనుక్కుంటవేందే" అని మా ఆయన ఎగతాళి చేస్తాడు. ఏడవడానికి కాదు నేను చూసేది. పొద్దంతా ల్యాబులో జనం చేతుల్లోంచి రక్తం తీసే పని నాది, కావలసినన్ని ఏడుపులు అక్కడే దొరుకుతాయి. తెర వెనక ఏముందో ఆ తెర మీదే చూపిస్తామంటారు చూడండి, ఆ మాటకే నేను పడిపోతాను. అద్దం చుట్టూ బల్బులు వెలిగే మేకప్ గది కనబడిందంటే చాలు, కుర్చీలో ముందుకు జరుగుతాను.

ఈ పిచ్చి అమ్మ నుంచి వచ్చింది. మేం పెరిగింది చంద్రపూర్ పక్కన పద్మాపూర్ గని క్వార్టర్లలో. మా లైనులో ఇళ్లన్నీ తెలంగాణ నుంచి బొగ్గు పనికి వచ్చినవాళ్లవే. ఆ రోజుల్లో ఆదివారం పొద్దున చంద్రపూర్ టాకీసులో ఒక్క ఆట తెలుగు సినిమా వేసేవారు. మగవాళ్లు ఒకరు పొద్దుటి షిఫ్టు, ఒకరు రాత్రి షిఫ్టు. ఆడవాళ్లంతా ఇళ్లు వదిలి ఒకేసారి పోవడం అయ్యే పని కాదు. అందుకని వాళ్లే ఒక పద్ధతి పెట్టుకున్నారు. వారానికొకరు వంతులవారీగా సినిమాకు పోవాలి. పోయినావిడ ఇంట్లో వంట, పిల్లల సంగతి మిగతావాళ్లు చూసుకోవాలి. ఆమె తిరిగొచ్చి సాయంత్రం గద్దె మీద కూర్చుని సినిమా అంతా అందరికీ చెప్పాలి. పేర్లు పడే దగ్గర నుంచే మొదలుపెట్టాలి. పాట పాడటం రాకపోతే కనీసం ఎవరు ఏ రంగు చీర కట్టారో చెప్పాలి. వినేవాళ్లు మధ్యలో లేచి పోకూడదు. దీన్ని 'సినిమా చెప్పుడు' అనేవాళ్లు. అమ్మ వంతు వచ్చిన వారం పక్క లైనువాళ్లు కూడా పీటలు పట్టుకుని వచ్చి కూర్చునేవాళ్లు. నేను చదివింది మరాఠీ బడిలో. తెలుగు అక్షరాలు కూడా అమ్మే పాత పత్రికల్లో సినిమా పేజీలు ముందు పెట్టి నేర్పింది.

మా ఎదురింట్లో చిన్నమ్మ ఉండేది. చుట్టం కాదు, పిలుపు అంతే. పందొమ్మిదేళ్లప్పుడు ఇంట్లో చెప్పకుండా మద్రాసు పోయి, సినిమాల్లో గుంపు డాన్సులు చేసి, ఏడాది తిరిగేసరికి పద్మాపూర్‌లో ఉన్న అక్క ఇంటికి వచ్చేసింది. వచ్చిన కొత్తలో పుల్లలా ఉండేదని, పలకరిస్తే గోడ వైపు తిరిగేదని అమ్మ చెప్పేది. తర్వాత ఆ లైనులోనే ఒక గని కార్మికుడితో పెళ్లయింది. ఇంట్లో మిషను పెట్టుకుని లైనంతటికీ జాకెట్లు కుట్టేది.

పెళ్లికి ముందు ఒకసారి ఆమె చేసిన సినిమా చంద్రపూర్ వచ్చింది. అది కూడా నాకు నచ్చే బాపతే, పేరు తెచ్చుకున్న ఒక నటి నాశనమయ్యే కథ. ఒక్క ఆదివారం, ఒక్క ఆట. చిన్నమ్మను వాళ్ల బావ గడప దాటనివ్వలేదు. ఆ వారం వంతు అమ్మది. అమ్మ పోయి చూసి వచ్చింది, చెప్పింది. అప్పుడు నేను చాలా చిన్నదాన్ని, కానీ ఆ తర్వాత అడిగి అడిగి చెప్పించుకున్నాను కాబట్టి ప్రతి మాటా నోటికి వచ్చు.

"పే..ద్ద మెట్లు. మెట్టు మెట్టుకు దీపాలు. హీరోయిన్ నడిమిట్ల నిలబడ్డది. ఎనక రెండో వరుసల నీలం లంగ ఏసుకొని మన పిల్ల. గిర్రున తిరిగితె లంగ గొడుగు లెక్క విచ్చుకున్నది."

చివర్లో ఆ హీరోయిన్ బంగళా, కార్లు, మనుషులు అన్నీ వదిలేసి రైలెక్కి వాళ్లమ్మ దగ్గరికి వెళ్లిపోతుంది. అదీ అమ్మ చెప్పిన కథ. నేను అమ్మ లంగా చంకల దాకా కట్టుకుని గని క్యాంటీన్ మెట్ల మీద గిరగిర తిరిగేదాన్ని. మా లైనులో ఆడపిల్లలందరం తిరిగినవాళ్లమే.

నమ్మనిది ఒక్కడే. చిన్నమ్మ మరిది. లైనంతా ఆయన్ని కాక అని పిలుస్తాం. సాస్తి ఓపెన్‌కాస్టు గనిలో డంపర్ నడిపి రిటైరైన మనిషి, నోరు మాత్రం ఇంకా డ్యూటీ దిగలేదు. "మద్రాసేంది, మంచిర్యాల దాంక పోయొచ్చి ఉంటది" అనేవాడు. "సినిమాల జూసిందెవలు? దోస్తు ఒక్కతే. ఇద్దరు కూడబలుక్కున్నరు." ఏ పెళ్లిలో కలిసినా, ఏ దినానికి కూర్చున్నా ఈ మాట ఒకసారి తీయందే ఆయనకు తోచదు. పిల్లలు కూడా నేర్చుకుని చిన్నమ్మను మద్రాసు హీరోయిన్ అని పిలిచేవాళ్లు. ఆమె "పోయిన, చేసిన" అని రెండే మాటలు అని మిషను తొక్కుకునేది. ఆమె తరఫున సాక్షి అమ్మ ఒక్కతే. అమ్మ పోయాక ఆ సాక్ష్యం కూడా లేకుండా పోయింది.

అలాంటిది మొన్న ఎండాకాలంలో మా అమ్మాయి ఫోన్ పట్టుకుని వంటింట్లోకి పరుగెత్తుకొచ్చింది.

"అమ్మా, జరా బఘ్, ఇటు జూడు. గిదేనా? పేరు చదువు, నాకు తెలుగు అక్షరాలు రావు గద."

ఎవరో పాత సినిమాలు పోగేసేవాడు ఇంటర్నెట్‌లో పెట్టాడు. పేరు చదివాను. హీరోయిన్ పేరు చదివాను. గరిటె కింద పడింది. ఎన్నేళ్లుగా వెతుకుతున్నామో ఆ సినిమా, మా వంటింట్లో, నా పిల్ల అరచేతిలో. నాకు ఆగే బుద్ధి ఎప్పుడూ లేదు. పొయ్యి ఆర్పి, స్కూటీ తీసి, నెత్తికి దుపట్టా చుట్టుకుని ఆ మండుటెండలో చంద్రపూర్ నుంచి నేరుగా పద్మాపూర్ పోయాను. ముందు సినిమా చూసుకుని పోదామన్న ఆలోచన కూడా రాలేదు.

చిన్నమ్మ మిషను ఆపింది. "దొరికిందా?" అంది. అంతే. కానీ సూదిలో దారం ఎక్కించబోతే మూడుసార్లు తప్పింది. అరుగు మీద చాయ్ తాగుతున్న కాకకు మా మాటలు వినబడనే వినబడ్డాయి.

"ఇంకేంది మల్ల, అందరం జూద్దాం. అయితారం మద్యాన్నం, కమ్యూనిటీ హాల్ల. గణపతి మండపం ప్రొజెక్టర్ నేనే పట్టుకొస్త. నీలం లంగ కనబడ్డదంటె అందరి ముందల వదినె చెప్పింది నిజమని నేనే అంట" అన్నాడు. సాయంత్రానికల్లా లైన్లన్నీ తిరిగి అందర్నీ పిలిచి వచ్చాడు. పిల్లికి చెలగాటం అంటే అదే.

ఇంటికొచ్చి మంచం మీద కాళ్లు ముడుచుకుని సినిమా పెట్టాను. నా ఉత్సాహం చెప్పలేను. పేర్లు పడుతుంటే ఒక్కోటి పైకి చదివాను, అమ్మ చెప్పినట్టే. అద్దం చుట్టూ బల్బులు వచ్చాయి. సెక్రటరీ వచ్చాడు. ఇక పాట వచ్చింది. మెట్లు లేవు. ఏటి మీద పడవ, పడవలో హీరోయిన్ ఒక్కతే. ఇంకో పాట పూలతోటలో, అక్కడా ఒక్కతే. మెట్ల కోసం ముందుకు జరిపాను, వెనక్కి జరిపాను. ఈ సినిమాలో మెట్ల పాటే లేదు. నీలం లంగా లేదు. చివరికి వచ్చేసరికి బంగళాలో ఆమె నిద్రమాత్రల సీసా మూత తీస్తోంది. రైలూ లేదు. అక్కడ ఆపేశాను.

ఒళ్లు చల్లబడింది. తర్వాత మండింది. గోడ మీద అమ్మ ఫొటో ముందు నిలబడి తిట్టాను. నువ్వు చెప్పిన గోరంతలు కొండంతలు నమ్మి ఊరందరినీ పిలిచేదాకా తెచ్చానే, ఇప్పుడు కాక ముందు చిన్నమ్మ తల ఎక్కడ పెట్టుకుంటుందే అని గట్టిగానే అడిగాను. ఇన్నేళ్లూ ఎగతాళి ఎగతాళిగానే ఉంది, ఎవరూ రుజువు చూపించింది లేదు. ఇప్పుడు ఆమె అబద్ధాలకోరని హాలు నిండా జనం మధ్యలో తేలిపోబోతోంది. తేల్చబోయేది నేను. పుణ్యానికి పోతే పాపం ఎదురవడమంటే ఇదే కాబోలు.

మా అమ్మాయి నాకంటే నెమ్మది. "పాటలు వదిలెయ్. గుంపు ఉన్న ప్రతి సీను జూద్దాం" అంది. ఫోన్‌ని టీవీకి తగిలించింది. చిన్నమ్మకు ఎడమ కనుబొమ్మను రెండుగా చీల్చిన ఒక మచ్చ ఉంది, చిన్నప్పుడు రోలు మీద పడితే అయిందట. ఆ మచ్చే మాకు గుర్తు. నేను టీవీకి ముక్కు ఆనించి నిలబడ్డాను, అది రిమోట్ పట్టుకుంది.

"థాంబ్, థాంబ్, ఆపు. ఎనక్కి పో. ఆ గుండ్రటి మొహం పక్కన."

"ఆమె గాదు. ఆమెకు ముక్కుపుడక ఉన్నది."

చెబితే నవ్వుతారు గానీ, కాసేపటికి ఎందుకు వెతుకుతున్నామో కూడా మరిచిపోయాను, అంత సంబరం పట్టుకుంది. ఇన్ని సినిమాలు చూశాను, ఎన్నడూ హీరోయిన్ వెనక నిలబడ్డవాళ్లను చూసిన పాపాన పోలేదు. ఇప్పుడు వాళ్లే కనబడుతున్నారు. విందు సీనులో ఒక పిల్ల ఎవరూ చూడట్లేదనుకుని మోకాలు గోక్కుంటోంది. ఒకామె కెమెరా వైపు చూసి గబుక్కున తల తిప్పుకుంది. ఆటోగ్రాఫుల కోసం తోసుకునే గుంపులోనూ, స్టూడియో గేటు దగ్గరా, సన్మాన సభలోనూ అదే జడ, అదే పిల్ల, ఓణీ మాత్రం మారింది. "అరె, మళ్లొచ్చింది గీమె" అని ఇద్దరం చప్పట్లు కొట్టుకున్నాం. మా ఆయన తలుపు దగ్గర నిలబడి మమ్మల్ని చూసి తల కొట్టుకుంటూ వెళ్లిపోయాడు. కానీ కనుబొమ్మ మీద మచ్చ ఉన్న పిల్ల మాత్రం ఎక్కడా లేదు. నిద్రమాత్రల సీను రాగానే నేనే ఆపించేశాను. ఇక ఆమె చచ్చిపోవడమే మిగిలింది, డాన్సుపిల్లకు అక్కడేం పని అన్నాను. అది కూడా సరే అంది.

ఆదివారం హాలు కిటికీలకు దుప్పట్లు కట్టారు. రెండు కూలర్లు పెట్టినా గాలి పెనం మీంచి వచ్చినట్టే ఉంది. తెరగా కట్టింది పెళ్లిపందిరి తెల్లగుడ్డ. ముందు వరుసలో నడిమి కుర్చీ కాకది. అమ్మ చెప్పుడు విన్న ముసలివాళ్లంతా వచ్చారు, వాళ్ల మనవలు కూడా వచ్చారు. చిన్నమ్మ కొత్త జాకెట్ కుట్టుకుని తొడుక్కొచ్చింది. పక్కన కూర్చుని చెవిలో అన్నాను, "చిన్నమ్మా, పాత ప్రింటు. పాటలు కోసేసిండ్రు కావచ్చు."

"ఉన్నకాడికే జూద్దాం బిడ్డా" అని నా చెయ్యి పట్టుకుంది.

సినిమా మొదలైంది. వెనక కూర్చున్న ముసలమ్మలు సినిమా కంటే ముందే కథ చెప్పుకుంటున్నారు. "ఇగ సెక్రటరీ మోసం జేస్తడు." చేశాడు. "ఇగ చుట్టాలొస్తరు." వచ్చారు. వాళ్లు ఈ సినిమా తెర మీద చూడటం ఇదే మొదటిసారి, అయినా ఒక్కటీ తప్పలేదు. అమ్మ అంత బాగా చెప్పింది. "ఇగ మెట్లొస్తయ్ సూడుండ్రి" అంది ఒకామె. హాలంతా సర్దుకు కూర్చుంది.

పడవ వచ్చింది. మెట్లు రాకుండానే పాట అయిపోయింది. కాక కుర్చీ వెనక్కి తిప్పాడు.

"ఏది వదినె, నీలం లంగ? పడవ కింద గిట్ల ఉన్నదా?"

పిల్లలు కిసుక్కుమన్నారు. ఆ కుర్చీని ఒక్క తాపు తన్నాలనిపించింది. "సినిమా ఇంక అయిపోలే కాక, అటు తిరిగి కూసో" అన్నాను. నోటికి వచ్చింది గానీ నమ్మకంతో అన్నది కాదు. చిన్నమ్మ ఆయన మాట విన్నట్టే లేదు. ఆమె చూపంతా హీరోయిన్ మీదే ఉంది.

మాత్రల సీసా ఖాళీ అయింది. గ్లాసు చేతిలోంచి జారింది. వెనక ముసలమ్మలు ఒక్కసారి "అయ్యో" అన్నారు. "రైలెక్కలేదా? తల్లికాడికి పోయిందన్నది గద మీయమ్మ?" అని అందరూ నా వైపు తిరిగారు.

తెర మీద బంగళా వాకిలి. హీరోయిన్ను పడుకోబెట్టారు, మెడ దాకా పూలదండలు. గేట్లు తోసుకుని జనం లోపలికి వస్తున్నారు. కెమెరా ఏడుస్తున్న ఆడవాళ్ల మీదుగా మెల్లగా జరుగుతోంది. చిన్నమ్మ చెయ్యి నా చేతిలోంచి ఊడిపోయింది. ఆమె లేచి నిలబడింది.

"గదే నేను" అంది.

మా అమ్మాయి ఆపింది. వెనక్కి తిప్పింది. మళ్లీ ఆపింది. హీరోయిన్ పాదాల దగ్గర, పందొమ్మిదేళ్ల పిల్ల, పుల్లలా ఉంది. చుట్టూ ఉన్నవాళ్లంతా కొంగు అంచు కళ్లకు అద్దుకుని కుదురుగా ఏడుస్తున్నారు. ఈ పిల్ల నోరు తెరిచి, ముక్కు కారుతుంటే తుడుచుకోకుండా ఏడుస్తోంది. ఎడమ కనుబొమ్మ రెండుగా చీలి ఉంది.

ఆ తర్వాత హాల్లో జరిగింది టాకీసులో పెద్ద హీరో మొదటిసారి తెర మీదికి వచ్చినప్పుడు కూడా నేను చూడలేదు. ఈలలు. చప్పట్లు. ఎవరో పాత పేపరు చింపి ఎగరేశారు. పిల్లలు తెర ముందు గంతులేశారు. తెర మీద పాపం హీరోయిన్ శవం, కింద మా వాళ్ల పండగ. నేను కుర్చీ ఎక్కి ఈల వేయబోయాను, గాలి తప్ప ఏమీ రాలేదు. కాక లేచి తెర దగ్గరికి పోయి, ఆ గుడ్డకు బెత్తెడు దూరంలో నిలబడి చాలాసేపు చూశాడు. వెనక్కి వచ్చి తన కుర్చీ తుండుగుడ్డతో తుడిచాడు.

"ఈడ కూసో వదినె" అన్నాడు. అందరి వైపు తిరిగి, "లంగ లేదు గని వదినె ఉన్నది. నిజమే చెప్పింది" అన్నాడు.

మళ్లీ వెయ్యమన్నారు. వేశాం. మళ్లీ మళ్లీ వేశాం. గ్లాసు జారిన ప్రతిసారీ హాలు ఈలలతో దద్దరిల్లింది.

ఆ గోలలోనే నాకు అమ్మ అర్థమైంది. ఆ ఆదివారం టాకీసులో ఆమె చూసింది ఈ మొహాన్నే. ఆ మొహాన్ని గుండెలో పెట్టుకుని బస్సెక్కి వచ్చేసరికి, అదే పిల్ల పీట వేసుకుని ఎదురుగా కూర్చుని ఉంది, నేను కనబడ్డానా అని అడగడానికి. ఏమని చెబుతుంది? ఆ పిల్లను శవం దగ్గర నుంచి లేపి, లంగా తొడిగి, దీపాల మెట్ల మీద నిలబెట్టింది. ఆ హీరోయిన్ను కూడా చావనివ్వకుండా రైలెక్కించింది. అమ్మ మీద కోపం అక్కడికక్కడే పోయింది. ఫొటో ముందు తిట్టిన తిట్లన్నీ గుర్తొచ్చి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. అంత సంతోషం నాకు ఈ మధ్య ఎప్పుడూ లేదు.

గోల కాస్త తగ్గాక మా అమ్మాయి చిన్నమ్మ ముందు నేల మీద కూర్చుంది.

"అమ్మమ్మా, గంత బాగ ఎట్ల ఏడ్చినవ్? గ్లిజరిన్ ఏసిండ్రా?"

"గ్లిజరిన్ ముందు వరుసోళ్లకే బిడ్డా, మా దాంక రాదు." చిన్నమ్మ ఇంకా తెర వైపే చూస్తోంది. "నేను గీ సీను తీసేసిండ్రనుకున్న. మీ అమ్మమ్మ ఆమె బతికిందని చెప్పింది గద. మెట్ల పాటేమో, ఏదో సినిమాకు చేసే ఉంట అనుకున్న. ఏది ఏ సినిమాకో మాకెవలు చెప్తరు?"

"మరి ఏడుపు?"

"ఆమె శవం లెక్క పండుకున్నది. లైట్లు జరుపుతుండ్రు. నేను కాళ్లకాడ నిలబడి ఉన్న. ఆమె కండ్లు తెరిచి నా దిక్కు జూసి 'తిన్నావా అమ్మాయ్' అన్నది. మద్రాసుల అన్ని రోజులున్న, గా మాట ఎవలు అడగలే. నేను తిన్న అని అబద్ధం చెప్పిన. గంతల షాట్ అన్నరు, ఆమె కండ్లు మూసుకున్నది. నాకు ఇగ ఆగలే. వాళ్లు కట్ అన్నంక సుత ఆగలే. తెల్లారి రైలెక్కి వచ్చేసిన."

కాకే మెల్లగా అడిగాడు, "ఆమె ఇప్పుడు యాడున్నది వదినె?"

"సినిమాలు తగ్గినంక యాడికి పోయిందో ఎవలకు తెల్వదంటరు." మా అమ్మాయి ఆపి ఉంచిన తెర మీద పూలదండల మధ్య ఆ మొహం అలాగే ఉంది. చిన్నమ్మ దాన్ని చూస్తూనే అంది, "ఆమెను ఎవలన్న గా మాట అడిగిండ్రో లేదో."